ఎవరి గంటకు ఎవరి లెక్క

నిరుడు వేసవిలో ఒక రాత్రి, ఒంటిగంటన్నర వేళ, నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. పంపింది మా వీధి చివరింటి అమ్మాయి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. "అక్కా, ఈ ఫైల్ ఆఖర్లో వాళ్లేమంటున్నారో తెలియక నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లకీ డబ్బులు లెక్కేస్తారా, ఒకసారికేనా?"

జవాబివ్వకుండా ఫోన్ బోర్లించి పెట్టాను. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక, ఆన్‌లైన్‌లో దొరికే ఇంగ్లిష్ ఆడియోలు విని అక్షరాల్లో పెట్టే పని నేను అప్పటికి ఏడాదిగా చేస్తున్నాను. పని ఎక్కువై అందులో కొంత ఆ అమ్మాయికి అప్పజెప్పాను. నాకు నిమిషం ఆడియోకి 40 రూపాయలు వచ్చేవి. పని ఇప్పించే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ వాళ్ల కమిషన్, బ్యాంకు మార్పిడి ఖర్చు పోతే 35 మిగిలేవి. అందులో ఆమెకు 15 ఇచ్చేదాన్ని. నిమిషం ఆడియోని ఒకసారి విన్నా నాలుగుసార్లు విన్నా అది నిమిషమే. ఆ రాత్రి నా బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి వ్యాసం రాద్దామని రెండు వారాల ముందే అనుకున్నాను. ఆమె అడిగింది చూశాక రెండింటినీ మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాల్సి వచ్చింది.

ఒకటి టిమ్ ఫెరిస్ రాసిన 'ది ఫోర్ అవర్ వర్క్‌వీక్', 2007లో వచ్చింది. రెండోది జో డొమింగెజ్, విక్కీ రాబిన్ కలిసి రాసిన 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్', 1992 నాటిది. రెండూ అమెరికా పుస్తకాలే. ఇక్కడ వీటిని చదివినవాళ్లకంటే, చదవకుండానే వీటి మాటలు మాట్లాడేవాళ్లు ఎక్కువ. 'పాసివ్ ఇన్‌కమ్' అంటూ తెలుగు వీడియోల్లో వినిపించే మాటల్లో సగం మొదటి పుస్తకం నుంచి జారి వచ్చినవే. నలభై ఏళ్లకే ఉద్యోగం మానేయాలని ఎక్సెల్ షీట్లు గీసుకునే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల 'ఫైర్' ఆలోచనకు వేరు రెండో పుస్తకంలో ఉంది. ఇకపై మొదటిదాన్ని నాలుగు గంటల పుస్తకమనీ, రెండోదాన్ని చిట్టా పుస్తకమనీ అంటాను. రెండో పేరు ఎందుకు పెట్టానో ముందుముందు తెలుస్తుంది.

పుస్తకాల కంటే ముందు రచయితల కథలు పక్కపక్కన పెట్టి చూడాలి. డొమింగెజ్ 1938లో పుట్టాడు. న్యూయార్క్ హార్లెమ్‌లో, ప్రభుత్వ సాయం మీద బతికిన ఇంట్లో పెరిగాడు. వాల్‌స్ట్రీట్‌లో విశ్లేషకుడిగా పనిచేసి, పొదుపు చేసి, 1969లో, 31 ఏళ్లకే ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత డబ్బు కోసం పని చేయలేదు. తన పద్ధతిని ముందు సెమినార్లలో చెప్పాడు, తర్వాత ఆడియో పాఠాలుగా ఇచ్చాడు, చివరకు రాబిన్‌తో కలిసి పుస్తకం చేశాడు. పుస్తకం మీద వచ్చిన డబ్బును ఇద్దరూ సేవా పనులకు ఇచ్చేశారు. 1997లో ఆయన క్యాన్సర్‌తో పోయాడు.

ఫెరిస్ ప్రిన్స్‌టన్ పట్టభద్రుడు. 2001లో ఆన్‌లైన్‌లో పోషక మాత్రలు అమ్మే బ్రెయిన్‌క్వికెన్ అనే కంపెనీ పెట్టాడు. డబ్బు బాగానే వచ్చింది గానీ రోజుకు పద్నాలుగు గంటలు అదే పని. 2004లో ఇక తట్టుకోలేక లండన్‌కు టికెట్ కొనుక్కుని వెళ్లిపోయాడు. తను లేకుండా కంపెనీ నడిచేలా ఏర్పాటు చేసుకుని ఏడాదికి పైగా దేశాలు తిరిగాడు. పుస్తకం ఆ తిరుగుడులో పుట్టింది.

ఇద్దరూ పని నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. పారిపోయిన దారులే వేరు. డొమింగెజ్ తన ఖర్చు వైపు తిరిగి చూసుకున్నాడు. 'ఈ పని నేనే ఎందుకు చేయాలి' అని ఫెరిస్ చుట్టూ చూశాడు. రెండు పుస్తకాల్లోని ప్రతి అధ్యాయమూ ఈ రెండు చూపుల నుంచి వచ్చిందే. ఫెరిస్ కథలో పాఠకుడు తరచూ దాటిపోయే విషయం ఇంకొకటుంది. వారానికి నాలుగు గంటలకు ముందు, రోజుకు పద్నాలుగు గంటల చొప్పున మూడేళ్లున్నాయి. ఆయన వాటిని దాచలేదు, పుస్తకంలోనే చెప్పాడు. కానీ అట్ట మీదికి ఎక్కింది నాలుగు గంటలే. మన దగ్గర ఆన్‌లైన్ సంపాదన మొదలుపెట్టే కుర్రాళ్లకు అందేదీ ఆ అట్టే.

చిట్టా పుస్తకం తొమ్మిది మెట్లుగా సాగుతుంది. మొదటి మెట్టులో పుట్టినప్పటి నుంచి చేతికొచ్చిన డబ్బంతా కూడి, ఇప్పుడు మిగిలిందెంతో చూసుకోవాలి. రెండో మెట్టులో రెండు పనులు. మొదటిది గంటకు అసలు ఎంత సంపాదిస్తున్నామో తేల్చడం, రెండోది ప్రతి పైసా రాసిపెట్టడం. తర్వాత నెలనెలా పట్టీ వేసి, ఒక్కో ఖర్చునూ మూడు ప్రశ్నలతో నిలదీయాలి. దీనికి వెచ్చించిన ఆయుష్షుకు తగ్గ తృప్తి దక్కిందా, నేను విలువనిచ్చే వాటికి ఇది పొసగుతుందా, బతుకుతెరువు కోసం పని చేయనక్కర్లేకపోతే ఈ ఖర్చు ఎలా ఉండేది అని. గోడ మీద ఒక పటం తగిలించి, రాబడినీ ఖర్చునూ గీతలుగా గీస్తూ పోవాలి. పెట్టుబడి మీద వచ్చే రాబడి గీత ఒకనాటికి ఖర్చు గీతను దాటుతుంది. అక్కడి నుంచి ఉద్యోగం చేయడం, మానడం మన ఇష్టం.

డబ్బంటే మనం అమ్ముకున్న ఆయుష్షు అన్నదే ఆ పుస్తకానికి మూలం. వేదాంతంలా వినిపిస్తుంది గానీ వాళ్లు దాన్ని కూడికలు, తీసివేతలుగా దింపారు. ఏ వయసులో ఉన్నవాళ్లకు సగటున ఇంకెన్ని గంటల ఆయుష్షు మిగిలి ఉంటుందో ఒక పట్టిక కూడా ఇచ్చారు. ఆ పట్టికలో నా వయసు దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత నా రాత్రి పని లెక్క తీశాను. ఒక నెలలో 540 నిమిషాల ఆడియో చేశాను. వచ్చింది 21,600. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న గంటలు 54. గంటకు 400 అని గర్వంగా చెప్పుకునేదాన్ని. చిట్టా పుస్తకం ఈ లెక్కను ఒప్పుకోదు. ఆ పని కోసం పెట్టిన ప్రతి గంటా కలపమంటుంది, ఆ పని వల్ల అయిన ప్రతి ఖర్చూ తీసేయమంటుంది. కలిపాను. పని దొరకడం కోసం రాసిన దరఖాస్తులకు, ఉచితంగా చేసిచ్చిన నమూనాలకు 22 గంటలు. దిద్దుబాట్లకు, ఉత్తర ప్రత్యుత్తరాలకు 8. రాత్రి నిద్ర తీర్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నాలు పడుకున్న గంటలు 6. మొత్తం 90. తీసేశాను. కమిషన్ 2,160, డాలర్లు రూపాయలయ్యే దారిలో పోయింది 540, పెంచిన ఇంటర్నెట్ ప్లాన్‌కు 1,100, వండే ఓపిక లేక తెప్పించుకున్న భోజనాలకు 2,400, మెడనొప్పికి ఫిజియోథెరపీ 1,400. మిగిలింది 14,000. గంటకు 155 రూపాయలు. పన్ను ఇంకా తీయనే లేదు.

తెలుగులో ఇలాంటి రాబడికి 'వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు' అంటారు. 'పై సంపాదన' అనడానికి వీల్లేదు, ఆ మాటను లంచం ఎప్పుడో లాగేసుకుంది. 155 రూపాయలని తేలాక, నా చన్నీళ్ల కోసం ఎంత దూరం బిందె మోస్తున్నానో తెలిసింది. ఈ లెక్క నాలుగు గంటల పుస్తకంలో దొరకదు. అందులో అంకెలు లేవని కాదు. అవన్నీ రేపటివి. కోరుకునే జీవితానికి నెలకు ఎంత కావాలో లెక్కగట్టి, దాని కోసం ఏం అమ్మాలో వెతకమంటాడు ఫెరిస్. ఈ నెల ఏం జరిగిందో తిరిగి చూడమని చెప్పే ఓపిక ఆయనకు తక్కువ.

అలాగని ఆ పుస్తకాన్ని కొట్టిపారేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. నాకు చేతికందిన మేలు అందులో నుంచీ వచ్చింది. ఫెరిస్ తన కంపెనీ పద్దులు తిరగేస్తే, 120 మందికి పైగా ఉన్న టోకు కొనుగోలుదారుల్లో అయిదుగురి నుంచే 95 శాతం రాబడి వస్తోందని తేలింది. మిగతావాళ్ల వెంట పడటం మానేశాడు. ఎక్కువ విసిగించే ఒకరిద్దరిని పొమ్మన్నాడు. నేనూ నా పట్టీ తీసి చూశాను. నా 22 గంటల ఉచిత చాకిరిలో ఎక్కువ భాగం, మూడు నెలల్లో రెండుసార్లు కూడా పని ఇవ్వని ఇద్దరి కోసమే పోతోంది. వాళ్లను వదిలేశాను. చిట్టా పుస్తకం నా రోగం చెప్పింది, మందు ఈ పుస్తకంలో దొరికింది.

ఇంకో మేలు, పెట్టుబడి పెట్టేముందు చిన్నగా పరీక్షించి చూడమనడం. వెయ్యి చొక్కాలు కుట్టించాక కొనేవాళ్ల కోసం వెతకొద్దంటాడు. ముందు కొద్ది డబ్బుతో ఒక ప్రకటన, ఒక పేజీ పెట్టి, ఎంతమంది కొనబోయారో చూడమంటాడు. అప్పు చేసి బొటిక్‌లు, కర్రీ పాయింట్లు తెరిచి ఏడాది తిరక్కుండా మూసేసినవాళ్లు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరికైనా ఈ ఒక్క అధ్యాయం ముందే అంది ఉంటే బాగుండేదని మనస్ఫూర్తిగా అనుకుంటాను.

కానీ అదే అధ్యాయంలో నన్ను ఆపేసిన చోటు ఉంది. పరీక్ష కోసం పెట్టిన పేజీలో కొనుగోలు బటన్ నొక్కినవాళ్లకు, సరుకు ఇప్పుడు లేదన్న సంగతి ఆ తర్వాత పేజీలో తెలుస్తుంది. డబ్బు తీసుకోరు కాబట్టి మోసం కాదు. కానీ ఆ నొక్కినవాళ్లు ఎవరో ఎక్కడో కూర్చుని వెతికి, చదివి, నచ్చి, కొనబోయినవాళ్లు. వాళ్ల పది నిమిషాలు ఏ పద్దులోకీ ఎక్కవు. ఇక్కడి నుంచి పుస్తకమంతటా ఇదే తీరు కనిపించడం మొదలవుతుంది. ఫెరిస్ సమయానికి విలువ ఉంది, పాఠకుడి సమయానికి విలువ ఉంది. ఎదుటివాళ్ల సమయం మాత్రం ఊరుమ్మడి చెరువులో నీళ్లలాంటిది. ఈమెయిళ్లు రోజుకు రెండుసార్లే, వీలైతే వారానికి ఒకసారే చూడమంటాడు. జవాబు కోసం ఆగేవాళ్లు అవతల ఆగుతారు.

ఈ పుస్తకాన్ని తెలుగు పాఠకులు అమెరికా పాఠకుల్లా చదవలేకపోవడానికి అసలు కారణం 'పని అప్పజెప్పడం' అనే అధ్యాయంలో ఉంది. అందులో ఫెరిస్, ఎ.జె. జేకబ్స్ అనే పత్రికా రచయిత ఎస్క్వైర్ పత్రికకు 2005లో రాసిన వ్యాసాన్ని చేర్చుకున్నాడు. జేకబ్స్ తన పనుల్ని ఇండియాలోని సహాయకులకు అప్పజెప్పి చూశాడు. ఆఫీసు వ్యవహారాలకు బెంగళూరులోని బ్రిక్‌వర్క్, ఇంటి పనులకు 'యువర్ మ్యాన్ ఇన్ ఇండియా' అనే సంస్థ. సమాచారం వెతికిపెట్టడం, ఈమెయిళ్లు రాయడం, వస్తువులు ఆర్డర్ చేయడం దాటి, భార్యతో వచ్చిన గొడవకు క్షమాపణ చెప్పించే దాకా వెళ్లాడు. చివరకు ఒక వ్యవహారం తెగక మనసు పీకుతుంటే, తన బదులు ఆ దిగులు పడమని కూడా బెంగళూరు సహాయకురాలికి పని పెట్టాడు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. వ్యాసం హాస్యంగా సాగుతుంది, రచయిత తనను తానే ఆటపట్టించుకుంటాడు. ఫెరిస్ మాత్రం దాన్ని నమూనాగా ముందు పెడతాడు. సంపాదన డాలర్లలో, కూలి రూపాయల్లో ఉండే ఏర్పాటును ఆయన స్వేచ్ఛకు సూత్రంగా చెబుతాడు.

2007లో ఆ పుస్తకం వచ్చేనాటికి మాదాపూర్‌లో రాత్రి పదింటికి నైట్ షిఫ్టు క్యాబ్‌లు బారులు తీరేవి. మా పిన్ని కూతురు అలాంటి ఒక క్యాబ్‌లో వెళ్లి, తెల్లవారి ఇడ్లీ బండి తెరిచే వేళకు ఇంటికొచ్చేది. పగలు కర్టెన్లు వేసుకుని పడుకునేది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ నిద్రకళ్లతో వచ్చేది. ఆ జీతంతోనే వాళ్ల నాన్న బాకీలు తీరాయి, ఆ మాట మరిచిపోకూడదు. కానీ అమెరికాలో ఎవరో నాలుగు గంటలే పని చేస్తున్నారంటే, మిగతా ముప్ఫై ఆరు గంటలు మాయం కాలేదు. అవి సముద్రాలు దాటి మా ఇంటి పక్క గదిలోకి వచ్చి, కర్టెన్ల వెనక పడుకున్నాయి. ఫెరిస్ పుస్తకంలో ఆ గది లేదు. దాన్ని తెలుగు పాఠకులే చేర్చుకుని చదవాలి.

ఇప్పుడు ఈ పని అప్పజెప్పే మెట్ల మీద మనం ఇంకాస్త పైకి జరిగాం. ఫెరిస్ సిఫారసు చేసిన ఈలాన్స్ అనే మార్కెట్‌ప్లేస్ తర్వాత ఓడెస్క్‌తో కలిసి, 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకుంది. ఇలాంటి చోట్ల ఇప్పుడు నెల్లూరు, నిజామాబాద్ నుంచి కూడా నేరుగా పని పట్టుకోవచ్చు. మధ్యలో కంపెనీ లేదు, క్యాబ్ లేదు. రాత్రి మాత్రం అలాగే ఉంది. పైకి జరిగినవాళ్లు కింద ఇంకో మెట్టు కడతారు, నేను కట్టినట్టే. నా నిజమైన గంట 155 రూపాయలని తెలిసి బాధపడిన నెలలోనే, పని పంచుకోమన్న ఫెరిస్ మాట విని మా వీధి అమ్మాయిని పిలిచాను. ఆమె ఆ పనికి కొత్త. గంట ఆడియోకి నాకు ఆరు గంటలు పడితే ఆమెకు తొమ్మిది పట్టేవి. నిమిషానికి 15 చొప్పున ఆమెకు 900 వచ్చేది. అంటే గంటకు 100. నాకు కూర్చున్నచోటే నిమిషానికి 20 మిగిలేది. రెండు పుస్తకాల్నీ నేను సరిగ్గానే ఆచరించాను.

ఇక్కడ చిట్టా పుస్తకాన్నీ వదలకూడదు. అది నా గంటల్ని లెక్కించడం నేర్పింది, కానీ నా గంటలతోనే ఆగింది. మనిషి తన ఆయుష్షును కొలుచుకోవాలంటుంది. అతను కొన్న చొక్కాలో, తాగిన కాఫీలో, రాయించుకున్న ఫైలులో ఎవరి ఆయుష్షు ఉందో చూడమని గట్టిగా అడగదు. భూమి మీద భారం తగ్గించాలని, ఉన్నదాంతో చాలనుకోవాలని అంటుంది. ఆ తపన నిజమైనదే, రచయితలు అలాగే బతికి చూపించారు. కానీ పక్కవాళ్ల గంటలకు పట్టికలో గడి లేదు.

ఈ లోటు నాకు కొత్తగా తోచలేదు, మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ గోడ మీది వెంకట్రామా క్యాలెండర్‌లో పాల లెక్క రాసేది. ఒక్కో తేదీ గడిలో అర, ముప్పావు, పాలు రాని రోజు అడ్డగీత. నెలాఖరున పాలబ్బాయితో ఒక్క రూపాయి తేడా వచ్చినా గడులు చూపించేది. ఇంటి ఖర్చుకు విడిగా ఒక చిట్టా ఉండేది. కరివేపాకు కొన్న పది పైసలు కూడా దాన్లోకి ఎక్కేవి. చిట్టా పుస్తకం చదువుతున్నంతసేపూ ఆ నోటు పుస్తకమే కళ్లముందు ఆడింది, అందుకే దానికి ఆ పేరు పెట్టుకున్నాను. అమెరికా నుంచి వచ్చిన ఈ విద్య మన ఇళ్లలో చిట్టా, ఆవర్జా అన్న పేర్లతో ఎప్పటి నుంచో ఉంది. అమ్మ పాల లెక్క రాసింది గానీ, ఆ పాలు కాచి, తోడు పెట్టి, చిలికి, నెయ్యి తీసిన గంటలు ఏనాడూ రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు.

శైలి దగ్గర రెండు పుస్తకాలకూ పోలికే లేదు. ఫెరిస్ పరుగెత్తిస్తాడు. కథ, చిట్కా, సవాలు, మళ్లీ కథ. చైనా కిక్ బాక్సింగ్ పోటీలో నియమాల్లోని సందు చూసుకుని ప్రత్యర్థుల్ని అరుగు మీది నుంచి తోసేసి గెలిచానని సంబరంగా చెబుతాడు. ఆ కథ చదివితే ఆయన తత్వం తెలిసిపోతుంది. నియమం ఎందుకుందో ఆయనకు అక్కర్లేదు, సందు ఎక్కడుందో కావాలి. చిట్టా పుస్తకం మాత్రం మేనత్తలా మాట్లాడుతుంది. చెప్పిందే చెబుతుంది, తిట్టదు, సిగ్గుపడొద్దంటుంది, కానీ లెక్క రాసేదాకా వదలదు. దాన్ని ఏకబిగిన చదవడం కష్టం. నేను మధ్యలో రెండుసార్లు పక్కన పెట్టాను.

నిపుణుడిగా పేరు తెచ్చుకోవడం గురించి ఫెరిస్ చెప్పిన దారి మన దగ్గర ఎక్కువ హాని చేసింది. ఆ రంగంలో బాగా అమ్ముడైన మూడు పుస్తకాలు చదవడం, రెండు సంఘాల్లో సభ్యత్వం తీసుకోవడం, దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో ఉచితంగా ఒక ఉపన్యాసం ఇవ్వడం, ఇలా కొన్ని వారాల్లోనే నిపుణుడు కావచ్చంటాడు. అబద్ధాలాడమని ఆయన చెప్పలేదు. కానీ ఆ మెట్లెక్కి వచ్చినవాళ్లే ఇవాళ ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించడమెలాగో చెప్పే కోర్సులు అమ్ముతున్నారు. వాళ్ల లక్ష ఆ కోర్సు అమ్మకం నుంచే వస్తుంది. వీటిలో ఆప్షన్స్ ట్రేడింగ్ కోర్సులు మరీ ప్రమాదం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారనీ, అందరి నష్టం కలిపి లక్షా 80 వేల కోట్లు దాటిందనీ సెబీయే 2024లో తేల్చింది. దాన్ని సైడ్ ఇన్‌కమ్ అనే పేరుతో జీతగాళ్లకు అమ్మడం చూస్తే నాకు కోపం వస్తుంది. వీడియోకు లైకులు కొడితే డబ్బిస్తామంటూ టెలిగ్రామ్‌లో మొదలుపెట్టి, డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యే ముఠాల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అలా పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కాలం రెండు పుస్తకాల్నీ తలోచోట కొరికింది. ఫెరిస్ ఇచ్చిన వెబ్‌సైట్లు, ప్రకటనల ధరలు, డీవీడీలు అమ్మే ఉపాయాలు పదేళ్లకే పాతబడ్డాయి. చిట్టా పుస్తకంలో తొంభైల నాటి తొమ్మిదో మెట్టుకూ అదే గతి పట్టింది. పొదుపు మొత్తాన్ని అమెరికా ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్లలో పెట్టమంది ఆ పుస్తకం. 1981లో ముప్ఫై ఏళ్ల బాండు మీద 15 శాతం దాటిన రాబడి, పుస్తకం వచ్చిన 1992లోనూ ఏడు శాతం పైనే ఉంది. 2020 మార్చిలో ఒక దశలో ఒక శాతం కిందికి దిగింది. వడ్డీ గీత మీద ఆశ పెట్టుకున్నవాళ్ల గోడ పటాలు ఏమై ఉంటాయో ఊహించుకోవచ్చు. రాబిన్ ఈ లోపాన్ని ఒప్పుకుని, 2018 కూర్పులో ఇండెక్స్ ఫండ్లను చేర్చింది. కొత్త తరం చదువు అప్పుల గురించీ, పక్క సంపాదనల గురించీ రాసింది. తన పుస్తకాన్ని తానే దిద్దుకున్న ఈ తీరు నాకు ఎంతో నచ్చింది.

మన లెక్కల్లో అయితే ఆ మెట్టు ఇంకా ఎత్తు. నెలకు 30 వేల ఖర్చున్న ఇంటికి, ఏడు శాతం వడ్డీ మీద బతకాలంటే 51 లక్షలకు పైగా కావాలి. అదీ ధరలు పెరగకపోతేనే. చిట్టా పుస్తకం మనిషిని ఒంటరిగానో, దంపతులుగానో ఊహించుకుంది. తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లి, నాన్న మోకాలి ఆపరేషన్, ఊళ్లో ఇంటి కప్పు ఆ పటంలో లేవు. మొదటి ఆరు మెట్లలో ఎక్కువ భాగం ఖర్చు చూసుకోవడం, తగ్గించుకోవడం గురించే. ఆదాయం పెంచుకోవడం ఏడో మెట్టుకు గానీ రాదు. నెలకు 18 వేలు తెచ్చుకునే మనిషికి తగ్గించుకోవడానికి ఏం మిగిలి ఉంటుంది? అలాంటివాళ్లకు ఫెరిస్ దూకుడే ఎక్కువ పనికొస్తుంది. అయితే ఆ దూకుడుకు ముందు రెండో మెట్టు ఎక్కి తీరాలని నా అభిప్రాయం. నా గంట 155 అని తెలియకుండా ఫెరిస్‌ను పట్టుకుని ఉంటే, ఇంకో పదిమంది విదేశీ క్లయింట్లను పట్టి, ఆ చాకిరినే రెండింతలు చేసుకుని ఉండేదాన్ని.

ఫెరిస్ తర్వాతి జీవితం కూడా ఆయన పుస్తకం మీద వ్యాఖ్యలాగే ఉంది. ఆయనకు పెద్ద సంపద నాలుగు గంటలు చూసుకునే చిన్న వ్యాపారం నుంచి రాలేదు. పుస్తకం తెచ్చిన పేరు నుంచి, ఉబర్ లాంటి కంపెనీల్లో తొలినాళ్లలో పెట్టిన పెట్టుబడుల నుంచి, 2014లో మొదలుపెట్టిన పాడ్‌కాస్ట్ నుంచి వచ్చింది. ఇష్టమైన పని దొరికినవాళ్లు గంటలు తగ్గించుకోరు. డొమింగెజ్ కూడా ఉద్యోగం మానాక ఖాళీగా కూర్చోలేదు, పోయేదాకా పని చేస్తూనే ఉన్నాడు, జీతం తీసుకోలేదంతే. ఇద్దరూ చివరకు వచ్చి నిలబడిన చోట్లు ఇంత దగ్గరగా ఉండటం రెండోసారి చదివినప్పుడు గానీ నా కంటపడలేదు.

ఆ అమ్మాయి మెసేజ్‌కు మర్నాడు పొద్దున జవాబిచ్చాను. ఎన్ని గంటలు కూర్చుందో రాసిపెట్టమన్నాను. వారం తర్వాత నోటు పుస్తకం పేజీ ఫొటో తీసి పంపింది. తేదీ, ఫైల్ పేరు, కూర్చున్న వేళ, లేచిన వేళ. చివరి వరుసకు 'మళ్లీ విన్నవి' అని తనే పేరు పెట్టి గీతలు గీసింది. అయిదు గీతలు దాటిన చోట అడ్డంగా ఇంకో గీత, అమ్మ పాల లెక్కలోలాగే. గంటకు 200 ఇస్తానన్నాను. ఆ లెక్కన ఆమెకు నిమిషానికి 30 చేరేవి, నాకు 5 మిగిలేవి, అందులోనే నేను సరిచూసిపెట్టాలి. రెండు నెలలు అలా నడిచింది. మూడో నెలలో ఒక ఆదివారం మా ఇంటికి రమ్మని, ఆ మార్కెట్‌ప్లేస్‌లో ఆమె పేరుతోనే ఖాతా తెరవడానికి ఇద్దరం కూర్చున్నాం. పాన్ నంబరు అడిగిన చోట ఆగిపోయాం, ఆమెకు కార్డు లేదు. దరఖాస్తు పెట్టాం. కార్డు వచ్చేలోగా చూసుకుంటానని రెండు పుస్తకాల్లో ఒకటి తీసుకెళ్తానంది. ఏది అని అడిగాను.

"లెక్క రాసే పట్టీలున్నది అక్కా. నా వరుస అందులో ఎక్కడుందో చూడాలి."

లేదని చెప్పాను. అయినా తీసుకెళ్లింది.